ఏదైనా ఒక ముక్క తియ్యండి

మా బాబాయి చెయ్యి ముక్కల దాకా వచ్చి ఆగిపోయింది. నేను విసనకర్రలా పరిచిన పేకలో కళావరు ఏడు సరిగ్గా ఆయన వేళ్ళ కిందే ఉంది, పావు అంగుళం ముందుకు జరిగితే తీసేసుకునేవాడు. తియ్యలేదు. నా మొహం వంక చూశాడు, మళ్ళీ ముక్కల వంక చూశాడు, చెయ్యి పక్కకి జరిపి ఎక్కడో అడుగున ఉన్న ముక్కని లాగి, "నువ్వు ఇద్దామనుకున్నది ఇది కాదు కదరా?" అన్నాడు.

రాజమండ్రిలో చెల్లి పెళ్ళి, ముందు రోజు రాత్రి, విడిదింట్లో పదిహేను మంది చుట్టాలు చుట్టూ కూర్చుని చూస్తుండగా జరిగింది ఇది. బాబాయి నలభై ఏళ్ళుగా రమ్మీ ఆడుతున్న మనిషి. ఎదుటివాడు కొత్త ముక్కని చేతిలో ఎటువైపు దోపాడో చూసి వాడికి ఏ సీక్వెన్స్ కావాలో చెప్పేస్తాడు. అలాంటాయన ముందు పేక మేజిక్‌లో క్లాసిక్ ఫోర్స్ అనే కిటుకు చెయ్యబోయాను. ఆయన తీసిన ముక్కనే పేకలో పెట్టించి వేరే ట్రిక్కు చేసి గట్టెక్కాను, అందరూ చప్పట్లు కూడా కొట్టారు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వేళ్ళు తప్పు చెయ్యలేదని నాకు తెలుసు. మరి ఆయనకి ఎలా తెలిసింది? దానికి జవాబు దొరకడానికి దాదాపు ఏడాది పట్టింది.

మేజిక్ తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. 52 ముక్కల్లోంచి ఎదుటివాళ్ళు తమ ఇష్టం వచ్చిన ముక్క తీసుకున్నామని అనుకోవాలి, కానీ అది మనం ముందే అనుకున్న ముక్క అయ్యుండాలి. దీన్ని ఫోర్స్ అంటారు. ఇదొక్కటి వస్తే చాలు, మిగతా మేజిక్ అంతా చాలా తేలికవుతుంది, ఎందుకంటే వాళ్ళు తీసుకునే ముక్క పేరు రాసిన కాగితం మీ జేబులో పొద్దున్నించీ ఉండొచ్చు. ఫోర్స్ చెయ్యడానికి దారులు లెక్కలేనన్ని. అమెరికాలో ఆనెమాన్ అనే మెజీషియన్ 1933లోనే 202 పద్ధతులతో ఒక పుస్తకం వేశాడు. నేను నిజంగా చెయ్యగలిగేవి నాలుగు, అందులో ఒక్కటే గుండె దిటవుతో చేస్తాను. నాలుగు చాలు.

మా తరం తెలుగు పిల్లలకి మేజిక్ అనగానే గుర్తొచ్చేది బి.వి. పట్టాభిరామ్ గారు, స్టేజీ, లైట్లు, దూరంగా కూర్చున్న జనం. నేను చేసే క్లోజప్ మేజిక్ అలా కాదు. మనిషికీ మీకూ మధ్య అడుగు దూరం ఉంటుంది, మీ ఊపిరి మారినా వాళ్ళకి తెలిసిపోతుంది.

ఫోర్స్ అన్న మాటకి తెలుగులో బలవంతం అని అర్థం చెప్పుకుంటే అసలు సంగతే తలకిందులవుతుంది. నేను మొదట్లో మనసులో దీన్ని "ముక్క అంటగట్టడం" అనుకునేవాణ్ణి. చెత్త వస్తువుని అంటగట్టేవాడి మొహం ఎలా ఉంటుందో నా మొహం అలాగే ఉండేదని తర్వాత ఫోన్‌లో వీడియో తీసుకుని చూస్తే తెలిసింది.

ముందు క్లాసిక్ ఫోర్స్‌లో వేళ్ళ పని చెప్తాను, నిజానికి అది తక్కువ భాగమే. కావాల్సిన ముక్కని పేక పైన పెట్టుకోవాలి, పేకని మధ్యకి కోసి కింది సగాన్ని పైకి తేవాలి, రెండు సగాలూ కలిసిన చోట ఎడమచేతి చిటికెన వేలితో సన్నని సందు పట్టుకోవాలి. ఆ సందు కింద మొదటి ముక్క మనది. ఈ సందునే బ్రేక్ అంటారు. కొత్తలో అందరూ చిటికెన వేలిని లోపలికంటా దూర్చేస్తారు, పక్క నుంచి చూస్తే పేకకి కిటికీ పెట్టినట్టు కనిపిస్తుంది. దూర్చక్కర్లేదు, వేలి కొసన ఉన్న మెత్తటి కండ కాస్త ఆనితే చాలు, పైనుంచి బొటనవేలు చిన్న ఒత్తిడి ఇస్తే ముందువైపు అంచు మూసుకుపోతుంది. తర్వాత ఎడమ బొటనవేలితో ముక్కల్ని కుడిచేతిలోకి తోస్తూ పరవాలి, వాళ్ళ చెయ్యి వచ్చే సమయానికి బ్రేక్ కింద ముక్క కూడా అక్కడికి రావాలి, మిగతా ముక్కల కంటే గోరంత ఎక్కువ బయటికి కనిపిస్తూ. అంతే, చదవడానికి అర నిమిషం పట్టే విషయం.

విజయవాడలో ఉండేవాళ్ళకి ఇంకో తలనొప్పి ఉంది. మే నెలలో అరచేతులకి పట్టే చెమటకి ముక్కలు జంటలు జంటలుగా అతుక్కుపోతాయి, మీ ముక్క మీద ఇంకోటి అంటుకుని రెండూ కలిసి వెళ్తాయి. క్లబ్బుల్లో వాడే ప్లాస్టిక్ పేక అయితే తడికి చెడదు కానీ మరీ జారుతుంది, పరిచేటప్పుడు పట్టు దొరకదు. నేను బైసికిల్ అనే బ్రాండు కాగితం పేకే వాడతాను, ఎండాకాలంలో నెలకోటి మారుస్తాను. చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని, రెండు నిమిషాలు ఫ్యాను కింద ఆరబెట్టుకుని అప్పుడు పేక ముట్టుకుంటాను. ఇంతకంటే మంచి చిట్కా నాకు దొరకలేదు.

ఇక వీడియోలో నేను చూసింది. ఒక ఇరవై ముక్కలు గబగబా పరిచేవాణ్ణి, మన ముక్క దగ్గర పడేసరికి వేగం తగ్గేది, ముక్క వచ్చాక ఆగిపోయేవాణ్ణి. ఎందుకు ఆగేవాణ్ణి? ఎదుటివాళ్ళ చెయ్యి ఇంకా రాలేదు కాబట్టి. మరి చెయ్యి ఎందుకు రాలేదు? దీని మీద వారాల తరబడి తల పట్టుకున్నాను. నేను నేర్చుకున్న వీడియోల్లోవాళ్ళకి సరిగ్గా సమయానికి చెయ్యి వస్తోంది, నాకు ఎప్పుడూ ఒక అర క్షణం ఆలస్యంగా వస్తోంది, పరిచే వేగం ఎంత మార్చినా అంతే.

ఒకరోజు ఆఫీసులో టీ తాగుతూ మా సీనియర్ ఒకావిడ మీద చేస్తుంటే తట్టింది. లోపం చేతుల్లో లేదు, వాక్యంలో ఉంది. ఇంగ్లిష్‌లో "టేక్ ఎ కార్డ్" అంటారు, మొదటి మాటే తియ్యమని. వినేవాడి చెయ్యి ఆ మొదటి మాటకే కదులుతుంది, వాక్యం పూర్తయ్యేసరికి ముక్కల దగ్గర ఉంటుంది. మనం "ఏదైనా ఒక ముక్క తియ్యండి" అంటాం. ఏం చెయ్యాలో ఆఖరి మాట దాకా తెలియదు. ఏదైనా ఒక ముక్క... ఏం చెయ్యాలి, చూడాలా, అనుకోవాలా, పేరు చెప్పాలా? పాపం వాళ్ళు మాట పూర్తయ్యే దాకా చెయ్యి ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంటారు, ఈలోపు మన ముక్క వచ్చేసి, దాటిపోతుందేమోనని మనం ఆపేస్తాం, మన చేతులు ఆగడం వాళ్ళు చూస్తారు. బాబాయి చూసింది అదే!

ఆ సాయంత్రమే మార్చేశాను. ఇప్పుడు "తియ్యండి, ఏదైనా సరే, ఒక్క ముక్క" అంటాను. క్రియ ముందు. పెద్దవాళ్ళతో అయితే "తియ్యండి బాబాయ్ గారూ, మీ ఇష్టం" అని కాస్త సాగదీస్తాను. తియ్యండి అన్న మాట మన ముక్కకి ఓ పది ముక్కల ముందు పడాలి, మిగతా మాటలు పరవడంతో పాటు నడుస్తుండాలి, "మీ ఇష్టం" అనేసరికి రెండూ కలుస్తాయి. ఇంట్లో అద్దం ముందు వెయ్యిసార్లు పరిచి సాధించలేనిది ఒక మాటని ముందుకి జరిపితే వచ్చేసింది. తెలుగులో మేజిక్ చేసేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఇవాళే ప్రయత్నించి చూడండి, ఇంగ్లిష్ పాఠాల్లో ఈ సంగతి ఉండదు, ఉండే అవకాశమే లేదు.

ఆ పెళ్ళిలోనే నేను చూసిన ఇంకో విషయం కూడా అప్పుడే గుర్తొచ్చింది. మర్నాడు బంతి భోజనాల్లో ఒక కుర్రాడు బూరెల బేసిన్ పట్టుకుని ప్రతి విస్తరి ముందూ ఆగి, బూరె చేత్తో ఎత్తి పట్టుకుని, "వెయ్యమంటారా అండీ" అని మొహంలోకి చూస్తున్నాడు. అందరూ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేస్తున్నారు. అవతలి వరసలో ఒక పెద్దాయన, ఆయనకి ఈ పనిలో చాలా ఏళ్ళ అనుభవం ఉన్నట్టుంది, మీరు పులిహోర ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకుంటున్నప్పుడు వస్తాడు, చూపు పక్క విస్తరి మీద ఉంటుంది, పక్కవాళ్ళతో "నెయ్యి వస్తోంది, ఉండండి" అంటుంటాడు, బూరె మీ విస్తట్లో పడిపోయి ఉంటుంది. నాకు రెండు పడ్డాయి, రెండూ తిన్నాను. క్లాసిక్ ఫోర్స్ చెయ్యాల్సింది ఆ పెద్దాయన చేతులతో. ముక్క వచ్చే క్షణంలో నేను ముక్క వైపు చూడకూడదు, వాళ్ళ మొహంలోకి ఆశగా అసలు చూడకూడదు, చూపు పక్కనున్న మూడో మనిషి మీద ఉంటే ఇంకా మంచిది, చేతులు మాత్రం ఆ సమయానికి రెండు అంగుళాలు ముందుకు వెళ్తాయి, అంతే. కెనడాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన డై వెర్నన్ అనే మెజీషియన్ 98 ఏళ్ళు బతికి 1992లో పోయాడు, మేజిక్ చేసే చెయ్యి మామూలు చెయ్యిలా ఉండాలని జీవితమంతా చెప్తూనే ఉన్నాడు. ఆ మాట నాకు పుస్తకాల కంటే ఆ బంతిలో బాగా అర్థమైంది.

అయినా తప్పుతుంది. క్లాసిక్ ఫోర్స్ ఎంత పెద్దవాళ్ళకైనా తప్పుతుంది, అందుకే తప్పినా నష్టం లేని చోట చేస్తూ నేర్చుకోవాలి. ఏ ముక్క తీసినా నడిచే ట్రిక్కులు బోలెడు ఉంటాయి కదా, వాటన్నిట్లోనూ మనసులో ఒక ముక్క అనుకుని ఫోర్స్ చెయ్యడానికి ప్రయత్నించాలి. పడితే లోపల సంతోషం, పడకపోతే ట్రిక్కు మామూలుగా నడుస్తుంది, ఎదురుగా ఉన్నవాళ్ళకి ఏమీ తెలియదు. ఇలా చేస్తూ ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నాను. మొదటి నెల 10కి 3 పడ్డాయి. మాట మార్చిన నెలలో 10కి 6. ఇప్పుడు 8 దగ్గర నిలబడింది. ఇందులో నాకు తెలియకుండా జరిగిన మార్పు ఏమిటంటే టెన్షన్ పోయింది, తప్పినా ఫరవాలేదు అనుకున్న రోజు నుంచి తప్పడం తగ్గిపోయింది. పడాల్సిందే అని మనం అనుకుంటే ఆ పట్టుదల భుజాల్లో కనిపిస్తుంది.

తప్పే ఆ రెండు ఎక్కువగా ఎడమచేతివాటం వాళ్ళ దగ్గర. వాళ్ళ చెయ్యి అవతలి పక్క నుంచి వస్తుంది, నేను లెక్కేసుకున్న దారి సరిపోదు. అందుకే ముందు టీ కప్పు ఏ చేత్తో పట్టుకున్నారో చూసుకుంటాను, ఎడమచెయ్యి అయితే వాళ్ళ మీద క్లాసిక్ వద్దు.

మరి వాళ్ళకి ఏది? ఇక్కడ మనకి, అంటే మన దేశంలో ముక్కలు కలిపే అలవాటున్న ఇళ్ళలో పెరిగినవాళ్ళకి, ఒక మంచి వరం ఉంది. కుడిచేత్తో పేక పక్క అంచులు పట్టుకుని, ఎడమచేతి వేళ్ళతో పైనుంచి కొన్ని కొన్ని ముక్కలు అరచేతిలోకి లాక్కుంటూ కలుపుతాం చూడండి, దాన్ని పాశ్చాత్య మెజీషియన్లు హిందూ షఫుల్ అని పేరు పెట్టుకుని ప్రత్యేకంగా నేర్చుకుంటారు. మన దగ్గర అది మా నాయనమ్మ కూడా చేసేది. అలా లాగుతూ ఉంటే కుడిచేతిలో మిగిలిన కట్ట అడుగు ముక్క చివరిదాకా మారదు. "ఆపు" అన్నప్పుడు ఆపి కుడిచెయ్యి ఎత్తి చూపిస్తే ఎప్పుడు ఆపినా అదే ముక్క! అక్కడివాళ్ళు ఇది చేస్తే చూసేవాళ్ళకి అదేదో వింత కలపడంలా ఉంటుంది. మన దగ్గర రోజూ చూసే పని కాబట్టి ఎవరూ రెండోసారి చూడరు. దీని తర్వాత రిఫుల్ ఫోర్స్ గురించి రాయాలి కానీ, బొటనవేలితో పేక మూల జర్రుమనిపిస్తే ఎడమ పక్క కూర్చున్నవాళ్ళకి అంతా కనిపిస్తుంది, చుట్టూ జనం ఉండే మన ఇళ్ళలో నాకు అది నచ్చదు.

ఫోర్స్ చేసే ముక్క ఏదవ్వాలన్నది కూడా ఆలోచించాలి. నేను మొదట్లో ఆఠీను రాణి పెట్టుకునేవాణ్ణి, అందంగా ఉంటుందని. బొమ్మ ముక్కలూ ఆసులూ వస్తే కొందరికి ఏదో అనుమానం వస్తుంది, ముఖ్యంగా ఇస్పేటు ఆసు. కళావరు ఏడు మీద ఎవరికీ ఏ అభిప్రాయమూ ఉండదు. కావాలని ఎవరైనా కళావరు ఏడు ఇస్తారా?

ఇంకొకటి చెప్పకపోతే మనసు ఊరుకోదు. వేళ్ళతో పని లేని ఫోర్స్ ఉంది, కేవలం మాటలతో. బల్ల మీద రెండు కుప్పలు పెడతాం, కావాల్సిన ముక్క ఒక దాంట్లో ఉంది. ఒకటి ఎంచుకోమంటాం. మన కుప్ప ఎంచుకుంటే అదే ఉంచుతాం, రెండోది ఎంచుకుంటే దాన్ని పక్కన పడేస్తాం, ఎలాగైనా మనదే మిగులుతుంది. ఇంగ్లిష్‌లో దీనికి తగిన మాట కోసం వాళ్ళు చాలా కష్టపడతారు, ఎంచుకోమంటే ఉంచుకోవడమే కదా, పారెయ్యడం ఎలా అవుతుంది అని వినేవాడికి తోచకూడదు కాబట్టి. మనకి ఆ కష్టం లేదు. "ఒకటి తియ్యండి." తియ్యడం అంటే తీసుకోవడమూ అవుతుంది, తీసెయ్యడమూ అవుతుంది! మన కుప్ప మీద చెయ్యి వేస్తే "మంచిది, మీ దగ్గర పెట్టుకోండి." రెండోదాని మీద వేస్తే "మంచిది, అది తీసేశారు, ఇక ఇది మిగిలింది." అమ్మ "ఆ గిన్నె తియ్యి" అన్నప్పుడు అల్మారాలోంచి తియ్యమందా పొయ్యి మీంచి తియ్యమందా అన్నది ఎప్పుడూ సందర్భాన్ని బట్టే కదా తేలుతుంది, ఆ అలవాటు మన చెవుల్లోనే ఉంది. పొరపాటున "తీసుకోండి" అన్నారా, పోయింది, అక్కడికి ఒక్కటే అర్థం. అలాగే ఒకే మనిషికి వరసగా నాలుగైదుసార్లు చేస్తే ఎంత మంచి మాటైనా అరిగిపోతుంది. రెండుసార్లతో ఆపెయ్యాలి.

ఇదంతా చదివి, ఇంత తేలిగ్గా మోసపోతామా అనుకునేవాళ్ళకి ఒక సంగతి. కెనడాలో జే ఓల్సన్ అనే పరిశోధకుడు మెజీషియన్ కూడా. ఆయనా ఆయన సహచరులూ 2015లో ప్రచురించిన అధ్యయనంలో పేకని మనిషి కళ్ళ ముందు గబగబా తిప్పి, అనుకున్న ముక్కని మాత్రం కాస్త ఎక్కువసేపు కనిపించేలా చేసి, ఒకటి ఎంచుకోమన్నారు. 98 శాతం సార్లు అనుకున్న ముక్కే వచ్చింది. తమ మీద ప్రభావం పడిందని గమనించినవాళ్ళు 9 శాతమే. తెలివి తక్కువవడం వల్ల జరిగేది కాదిది, మనసు పనిచేసే పద్ధతే అంత. మా బాబాయి ఆ 9 శాతంలో మనిషి.

సంక్రాంతికి మళ్ళీ రాజమండ్రి వెళ్ళాను. భోజనాలయ్యాక ఆయనే అడిగాడు, "ఏరా, పేక తెచ్చావా?" అని. క్లాసిక్ జోలికి పోలేదు. ఆయన ఎదుటివాళ్ళ చేతులు చూసే మనిషి, కాబట్టి నా చేతులు అసలు పని చెయ్యకూడదు. కళావరు ఏడు పైన ఉంచి పేకని బల్ల మీద పెట్టి, "కొయ్యండి బాబాయ్" అన్నాను. పేకాట ఆడేవాళ్ళకి కోత అంటే అన్నిటికన్నా పవిత్రమైన పని, పక్కవాడు కోస్తేనే పంపకం నిజాయితీగా జరిగినట్టు. ఆయన శ్రద్ధగా, దాదాపు మధ్యకి కోసి, పై సగం పక్కన పెట్టాడు. నేను మిగిలిన సగం తీసి, కోసిన చోటు గుర్తుండాలని చెప్పి, ఆయన పక్కన పెట్టిన సగం మీద అడ్డంగా పెట్టాను.

ఇక్కడ వెంటనే ముక్క తియ్యమంటే ఎవరికైనా తెలిసిపోతుంది, ఏ సగం ఏదో కళ్ళ ముందే ఉంది కదా. కాబట్టి ముక్కల సంగతి వదిలేసి ఆయన్ని అడిగాను, మీ రోజుల్లో కోతలో వచ్చిన ముక్కనే జోకర్ చేసేవాళ్ళా అని. ఆయన మొహం వెలిగిపోయింది, ఎవరి ఇంట్లో ఎలా ఆడేవాళ్ళో, ఒకసారి వరసగా మూడు ఆటల్లో అదే జోకర్ ఎలా వచ్చిందో చెప్పుకొచ్చాడు, రెండు నిమిషాలు పైనే అయ్యుంటుంది. ఆపబుద్ధి కాలేదు, నాకూ వినాలనే ఉంది. మధ్యలో "ఇది డబ్బాటలో చేస్తావా నువ్వు?" అని కూడా అడిగాడు, గొంతు మారింది. చెయ్యను, ఎప్పుడూ చెయ్యలేదు, డబ్బు పెట్టిన బల్ల దగ్గర నేను ముక్క కూడా ముట్టుకోనని చెప్పాను. అది నిజం. అప్పుడు, "సరే బాబాయ్, మీరు కోసిన చోట ఏముందో ఎత్తి చూడండి" అన్నాను.

పైనున్న కట్ట ఎత్తాడు. కింద ముక్క తిప్పాడు. కళావరు ఏడు. నా చొక్కా జేబులో ఉన్న కాగితం తియ్యమన్నాను, మధ్యాహ్నం భోజనానికి ముందు రాసి పిన్ని చేత మడత పెట్టించింది. చదివాడు. నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు, ఎలా చేశావని అడగలేదు. పేక మొత్తం దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క ముక్కా బల్ల మీద వేస్తూ లెక్కపెట్టాడు. ఏడులు నాలుగూ విడిగా పక్కన పెట్టి చూశాడు. అంచులు బొటనవేలితో తడిమి చూశాడు.

"యాభై రెండూ ఉన్నాయి" అన్నాడు పిన్నితో, నాతో కాదు. తర్వాత తనే పేక కోసి, మిగతా సగం అడ్డంగా పెట్టి, దాని వంక చూస్తూ కూర్చున్నాడు.